మార్చి పోతే సెప్టెంబరు

ఫిబ్రవరి వచ్చిందంటే మా మందుల షాపులో ఒక మాట రోజూ వినిపిస్తుంది. "బాబుకి పరీక్షలండీ, జ్ఞాపకశక్తికి మంచి టానిక్ ఏదైనా ఇవ్వండి." బ్రాహ్మి సిరప్ అడుగుతారు, విటమిన్ మాత్రలు అడుగుతారు. పదిహేనేళ్ళ పిల్లల కోసం తలనొప్పి మాత్రలు, కడుపులో మంటకు మాత్రలు పట్టుకెళ్తారు. కొందరు గొంతు తగ్గించి, నిద్ర రాకుండా ఉండటానికి ఏమన్నా ఉందా అంటారు. అదే వారంలో ఇంకొకరు వచ్చి, అమ్మాయికి నిద్ర పట్టడం లేదు, ఏమన్నా ఉందా అంటారు. తెనాలిలో ఇరవై రెండేళ్ళుగా ఈ షాపు నడుపుతున్నాను. ఆ ఇద్దరికీ ఏ మందూ ఇవ్వకుండానే పంపిస్తాను. కానీ మందు వద్దని చెప్పినంత తేలిగ్గా, మరి ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేకపోయేవాణ్ణి. మూడేళ్ళ క్రితం మా ఇంట్లో జరిగినదాని తర్వాత కొంత చెప్పగలుగుతున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

2022లో మా పెద్దాడు పదో తరగతి పరీక్షలు రాస్తుండగానే కాలేజీల పీఆర్వోలు ఇంటి చుట్టూ తిరిగారు. వాడికి లెక్కలంటే ఇష్టం. విజయవాడ పక్కన ఒక కార్పొరేట్ కాలేజీలో హాస్టల్‌తో కలిపి ఎంపీసీలో చేర్పించాను. చేర్పించాం అని కాకుండా చేర్పించాను అని ఎందుకు రాస్తున్నానంటే, మా ఆవిడకి అది ఇష్టం లేదు. "ఊళ్ళోనే చదివిద్దామండీ, ఇంట్లో తిని వెళ్తాడు" అంది. దానికి నేనన్న మాట నాకు బాగా గుర్తుంది. "ఎన్నాళ్ళని కొంగున కట్టుకుంటావు? నాలుగు రోజులు కష్టపడితే వాడే రాటుదేలతాడు."

హాస్టల్లో ఆదివారం మధ్యాహ్నం ఐదు నిమిషాలు ఫోన్. కేర్‌టేకర్ దగ్గరున్న ఫోన్‌లో, వరసలో నిలబడి మాట్లాడాలి. వీకెండ్ టెస్టులో ఎన్నొచ్చాయి, ర్యాంకెంత, సరిగ్గా తింటున్నావా. నేను అడిగేవి ఈ మూడే. మూడోదానికి వాడు జవాబు చెప్పేలోపు టైం అయిపోయేది.

సెప్టెంబరులో ఒక గురువారం సాయంత్రం ఏడున్నరకి ఫోన్ మోగింది. క్లినిక్కుల్లో డాక్టర్లు చీటీలు రాసి పంపే వేళ అది. కౌంటర్ ముందు ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. ఒక చేత్తో మాత్రల షీట్ కత్తిరిస్తూ ఫోన్ భుజానికీ చెవికీ మధ్య పెట్టుకున్నాను. "నాన్నా" అన్నాడు. "ఏరా, గురువారం చేశావేంటి? షాపులో జనం ఉన్నారు నాన్నా, ఆదివారం మాట్లాడుకుందామా?" అన్నాను. ఒక క్షణం ఆగి, "సరే నాన్నా" అన్నాడు. అంతే. తర్వాత ఎప్పుడో ఆ కాల్ ఎంతసేపు నడిచిందో ఫోన్‌లో వెతికి చూసుకున్నాను. పందొమ్మిది సెకన్లు.

దసరా సెలవులకి ఇంటికొచ్చాడు. మా ఆవిడ వాడికిష్టమని గుత్తి వంకాయ చేసింది. కంచం ముందు కూర్చున్నవాడు తల ఎత్తలేదు. ఎడం చెయ్యి కంచం చుట్టూ అడ్డంగా పెట్టుకుని, ఎవరో లాక్కుంటారన్నట్టు గబగబా కలిపి గబగబా మింగాడు. నాలుగైదు నిమిషాల్లో కంచం ఖాళీ. ఏం కూరో చూశాడో లేదో కూడా తెలియదు. "మెల్లగా తినరా, బండేం వెళ్ళిపోదు" అంటే, "అక్కడ అలవాటైపోయిందమ్మా" అన్నాడు. మర్నాడు తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చి హాల్లోకి వెళ్తే, లైటు వెయ్యకుండా ఒళ్ళో పుస్తకం పెట్టుకుని చీకట్లో కూర్చుని ఉన్నాడు. టైం ఐదు. హాస్టల్లో గంట కొట్టే టైము. ఇక్కడ ఎవరూ గంట కొట్టలేదు, అయినా ఒళ్ళు ఉలిక్కిపడి లేచింది.

అసలు సంగతి మాకు చెప్పలేదు, చెల్లెలికి చెప్పాడు. వీకెండ్ టెస్టుల్లో మార్కులు తగ్గాయని నెలలో రెండుసార్లు సెక్షన్ మార్చారట. పక్కన కూర్చునే స్నేహితులు పైసెక్షన్లో ఉండిపోయారు. ఒక లెక్చరర్ కింది సెక్షన్ పిల్లల్ని వాళ్ళ పేరుతో కాకుండా సెక్షన్ పేరుతోనే పిలుస్తాడట. ఆ గురువారమే వాడిని రెండోసారి కిందికి దింపారు. కేర్‌టేకర్‌ని బతిమాలి ఫోన్ తీసుకుని, ఆ మాట చెబుదామని చేశాడు. చెల్లెలితో అంతా చెప్పి చివర్లో, "నాన్న బిజీగా ఉన్నారు" అన్నాడట. కోపంగా కూడా కాదు, మామూలుగా.

సెలవులయ్యాక వాడిని తిరిగి పంపలేదు. కట్టిన ఫీజు వెనక్కి రాలేదు. ఊళ్ళోనే ఒక చిన్న కాలేజీలో చేర్చాం, రోజూ ఇంటి నుంచే వెళ్ళొచ్చేవాడు. హాస్టల్ మాన్పించడమే మందు అని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. చాలామందికి ఆ దారి ఉండదు. నేను చెప్పదలచుకున్నది నేనన్న ఆ ఒక్క మాట గురించి. రాటుదేలతాడు.

ఆ మాట మన ఇళ్ళల్లో ఎంత మామూలుగా వాడతామో గమనించండి. కష్టంలో పడేస్తే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే గట్టిపడతారని మన నమ్మకం. నాకా నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందంటే, నేనలాగే గట్టిపడ్డానని అనుకునేవాణ్ణి. వాడు తిరిగొచ్చాక చాలా రాత్రులు నిద్ర పట్టక, నా సంగతే మళ్ళీ మొదటి నుంచి గుర్తుచేసుకున్నాను. గుర్తుచేసుకుంటే అది అలా లేదు.

1995లో సీనియర్ ఇంటర్‌లో నాకు ఫిజిక్స్ పోయింది. అప్పుడు రిజల్ట్స్ పేపర్లో వచ్చేవి, పాసైన వాళ్ళ నంబర్లే వేసేవాళ్ళు. బస్టాండ్ దగ్గర పేపరు చుట్టూ మూగిన గుంపులో దూరి చూస్తే నా నంబరు ముందుదీ ఉంది, తర్వాతదీ ఉంది, నాది లేదు. ఇంటికి వెళ్ళకుండా మధ్యాహ్నం దాకా కాలవ గట్టు మీద కూర్చున్నాను. ఎవరు చెప్పారో, మా పెద్దమ్మ అక్కడికి నడుచుకుంటూ వచ్చింది. ఏమీ అడగలేదు. పక్కన కూర్చుని కాసేపు కాలవ చూసింది. తర్వాత, "మార్చి పోతే సెప్టెంబరు. లే, అన్నం చల్లారిపోతోంది" అంది. ఇంటికి తీసుకెళ్ళి గోంగూర పచ్చడి, ఉల్లిపాయ, వేడన్నం పెట్టింది. మా నాన్న ఏదో అనబోతే, "వాణ్ణి తిననియ్యరా" అని ఆయన్నే కసిరింది. సెప్టెంబరులో మళ్ళీ రాశాను, పాసయ్యాను. ఇన్నాళ్ళూ కథలోంచి పెద్దమ్మని తీసేసి, ఫెయిలవడాన్నే ఉంచుకున్నాను. నన్ను నిలబెట్టింది ఫెయిలవడం అనుకున్నాను. కాలవ గట్టు మీదికి ఒక మనిషి రావడం వల్ల నిలబడ్డాను.

ఇది మా ఇంటి సంగతే కాదు. ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు హవాయిలోని కావాయి ద్వీపంలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను పెద్దయ్యేదాకా, నలభై ఏళ్ళు వచ్చేవరకూ గమనించారు. వాళ్ళలో మూడోవంతు మంది బాగా కష్టమైన ఇళ్ళల్లో పెరిగినవాళ్ళు. పేదరికం, పుట్టుకలోనే ఇబ్బందులు, తల్లిదండ్రుల గొడవలు, తాగుడు, మానసిక జబ్బులు. కష్టం మనిషిని గట్టిపరిచేదే అయితే వాళ్ళందరూ గట్టిపడాలి కదా. అలా జరగలేదు. చాలామంది చదువులోనో ప్రవర్తనలోనో దెబ్బతిన్నారు. కానీ ఆ కష్టంలో పెరిగిన వాళ్ళలోనే మూడోవంతు మంది చక్కగా ఎదిగి, నలుగురినీ ఆదుకునేవాళ్ళయ్యారు. వాళ్ళ జీవితాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించిన విషయాల్లో ముఖ్యమైనది, నమ్మకంగా పక్కన ఉన్న ఒక్క మనిషైనా ఉండటం. అమ్మానాన్నలే కానక్కర్లేదు. అమ్మమ్మ, పిన్ని, పక్కింటావిడ, ఒక టీచరు, ఎవరైనా సరే. ఎక్కడో పసిఫిక్ సముద్రంలో ఉన్న ద్వీపం గురించి చదువుతుంటే నాకు మా పెద్దమ్మ కనిపించింది.

అయితే పక్కన ఉండటం అంటే పొద్దస్తమానం చదువుకో అంటూ వెంటపడటం అని కూడా మనం అనుకుంటాం. అది వేరే. మా ఇంట్లో ఏం మారిందో చెప్తాను.

ముందు నిద్ర. ఇది మందులమ్మేవాడిగా కూడా చెప్తున్నాను. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి రోజుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. మావాడికి హాస్టల్లో దొరికింది ఆరు గంటలు, రాత్రి పదకొండు నుంచి ఐదు వరకు. ఇంకో సంగతి చాలామంది పెద్దవాళ్ళకి తెలియదు. యుక్తవయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ ఒంట్లో ఆలస్యంగా విడుదలవుతుంది. అందుకే రాత్రి తొమ్మిదికి పడుకోమంటే వాళ్ళకి నిద్ర రాదు, తెల్లవారుజామున లేపితే లేవలేరు. అది ఒళ్ళు తీరు, పొగరు కాదు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే పెద్ద తరగతుల బడి ఎనిమిదిన్నర కంటే ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది. మనం మాత్రం తెల్లారకముందే లేపి కూర్చోబెడితే బుర్రకెక్కుతుందంటాం. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. నిద్ర కోసేసి టానిక్ కోసం షాపుకి రావడం, చిల్లు కుండలో నీళ్ళు పోయడం లాంటిది. ఆ టానిక్ అమ్మితే నాకు లాభమే. అయినా అమ్మకుండా, రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడని అడుగుతున్నాను.

మావాడు ఊళ్ళో కాలేజీలో చేరిన మొదటి నెల, ఆదివారం పది దాకా పడుకున్నా లేపలేదు. మా అమ్మకి అది నచ్చలేదు. ఎండ నెత్తికెక్కినా పడుకోబెడుతున్నారేంటని అంది. మూడు వారాలకి తలనొప్పి మాత్రలు అడగడం వాడే మానేశాడు.

ఆడపిల్లల గురించి ఇక్కడే ఒక మాట. "ఎప్పుడు చూసినా పడుకునే ఉంటుందండీ, బద్ధకం" అని తల్లులు చెప్తుంటారు. ఒక్కసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించమంటాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. హిమోగ్లోబిన్ పన్నెండు గ్రాముల కంటే తక్కువుంటే రక్తం తక్కువున్నట్టే. మెట్లెక్కితే ఆయాసం, చదివింది గుర్తుండకపోవడం, ఊరికే చిరాకు. వీటన్నిటికీ మనం బద్ధకం అని పేరుపెట్టి తిడుతున్నాం. ప్రభుత్వ బడుల్లో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రని పారెయ్యొద్దని, టీతో వేసుకోవద్దని మీ పిల్లలకి చెప్పండి. టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. నిమ్మరసం తాగితే బాగా పడుతుంది. మా చిన్నదానికి పోయినేడాది పది గ్రాములే ఉందని తేలింది. అంతకుముందు ఆర్నెల్లు దాన్ని సోమరి అని తిట్టింది నేనే. ఆ సాయంత్రం రిపోర్టు చేత్తో పట్టుకుని దాని దగ్గరికెళ్ళి, "తప్పు నాదమ్మా, నీకు ఒంట్లో బాగోలేదని తెలుసుకోకుండా తిట్టాను" అన్నాను. ఏమీ అనలేదు. కానీ అప్పటి నుంచి ఒంట్లో ఏ కాస్త తేడా చేసినా నాకే ముందు చెప్తోంది. పిల్లలకి సారీ చెప్తే లోకువైపోతామని మనవాళ్ళు భయపడతారు. నేను చూసిందైతే అది కాదు.

ఇక రాత్రి భోజనం. షాపు పదింటికి కట్టే అలవాటు తొమ్మిదికి మార్చాను. ఆ గంట వ్యాపారం పోయింది, నిజమే. అందరం కింద కూర్చుని తింటాం, ఫోన్లన్నీ ఫ్రిజ్ మీద ఉంటాయి, నాది కూడా. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే, భోజనం దగ్గర మార్కుల ఊసెత్తకూడదు. మొదట్లో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. మార్కులు తీసేస్తే నా కొడుకుతో నాకు మాటల్లేవని ఆ వారమే తెలిసింది. మొదటి నాలుగు రోజులూ పప్పు బాగుంది, ఎండ మండిపోతోంది, అంతే. ఐదో రోజు వాడే వాళ్ళ బస్సు డ్రైవరు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. రెండో నెలకి, సెక్షన్ మార్చిన రోజు సంగతి వాడి నోటితో వాడే చెప్పాడు. అప్పటికి మాకు తెలుసు. అయినా తెలియనట్టే మొత్తం విన్నాం. చెప్తూ చెప్తూ పెరుగన్నంలో వేలితో గీతలు గీశాడు. ఆ కంచం వైపే చూస్తూ కూర్చున్నాం.

పక్కన ఉండటానికీ, వాళ్ళ బరువు మనమే మోసెయ్యడానికీ తేడా ఉంది. ఇది నాకంటే మా ఆవిడకి కష్టమైంది. చిన్నది ఒకరోజు సైన్స్ రికార్డు ఇంట్లో మర్చిపోయి వెళ్ళింది. మా ఆవిడ ఆటో మాట్లాడుకుని బడికి తీసుకెళ్ళబోయింది. వద్దన్నాను. సాయంత్రం చిన్నది కళ్ళనీళ్ళతో వచ్చింది, నిలబెట్టారట. మా ఆవిడ నాతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. కానీ ఆ రాత్రి దాని పక్కన కూర్చుని, టీచరుకి ఏం చెప్పావు, ఏం చెబితే బాగుండేది అని మాట్లాడుకుంది కూడా మా ఆవిడే. మర్నాడు చిన్నది తనే టీచరు దగ్గరికెళ్ళి మాట్లాడుకుంది. పన్నెండేళ్ళ పిల్లని కిరాణా కొట్టుకి పంపాలి, పద్నాలుగేళ్ళవాడిని బ్యాంకులో డబ్బు కట్టి రమ్మనాలి. తప్పు లెక్కతో వస్తే మళ్ళీ పంపాలి. ప్రాజెక్టు వర్కులు మనం చేసిపెట్టి, బ్యాగులు మనం మోసి, పదిహేనేళ్ళు రాగానే ఒక్కసారిగా హాస్టల్లో పడేసి గట్టిపడు అంటే ఎలా గట్టిపడతారు? చిన్న చిన్న ఓటములన్నీ మనం అడ్డుకుని, మొట్టమొదటి పెద్ద ఓటమిని మాత్రం వాళ్ళని ఒంటరిగా భరించమంటున్నాం.

ఈ మాటలంటే నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. మా తోడల్లుడి కొడుకు అలాంటి కాలేజీలోనే చదివి ఐఐటీకి వెళ్ళాడు, మరి వాడి సంగతేంటంటారు. వాడు మంచి పిల్లాడు, కష్టపడ్డాడు, కాదనను. కానీ వాళ్ళ అమ్మ వాడి కోసం రెండేళ్ళు విజయవాడలో చిన్న పోర్షన్ అద్దెకి తీసుకుని, వారం వారం వెళ్ళి కలిసిందని ఆ కథ చెప్పేటప్పుడు ఎవరూ చెప్పరు. నేను మా పెద్దమ్మని కథలోంచి తీసేసినట్టే.

హాస్టళ్ళన్నీ చెడ్డవని కూడా అనను. 1971లో సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల పెట్టిన దగ్గర్నుంచి, మా జిల్లాలో తాడికొండ గురుకులం దాకా, కూలివాళ్ళ పిల్లలు ఎంతోమంది ఆ బడుల్లో చదివే పైకొచ్చారు. తాడికొండలో చదివిన నా స్నేహితుడొకడు ఇప్పటికీ వాళ్ళ లెక్కల మాస్టారి గురించి చెప్పేటప్పుడు గొంతు మారుతుంది. మాస్టారు క్యాంపస్‌లోనే ఉండేవారు, జ్వరం వస్తే వాళ్ళింటి నుంచి చారన్నం వచ్చేది. అదీ హాస్టలే. అక్కడ మనిషి ఉన్నాడు. మీ పిల్లల్ని చేర్చబోయే చోట అడగాల్సింది పోయినేడాది ర్యాంకుల గురించి కాదు. రాత్రి లైట్లు ఎన్నింటికి ఆర్పుతారు, పిల్లాడికి ఏడుపొస్తే ఎవరి దగ్గరికి వెళ్తాడు, వాడికి కావలసినప్పుడు ఇంటికి ఫోన్ చేసుకోవచ్చా. ఈ మూడు అడగండి. జవాబు చెప్పడానికి పీఆర్వో తడుముకుంటే మీకే తెలిసిపోతుంది.

దీని వెనక ఉన్నది చిన్న సంగతి కాదు. 2022లో మన దేశంలో 13 వేల మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ళ అమ్మాయి మరణం మీద ఆమె తండ్రి వేసిన కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకంటే ఎక్కువమంది విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సిలర్ ఒకరైనా ఉండాలని అందులో ఉంది. మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచులుగా విడగొట్టొద్దని, నలుగురిలో అవమానించొద్దని ఉంది. అది చదివిన రోజు షాపులో కూర్చుని చాలాసేపు ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. మూడేళ్ళ క్రితం నా కొడుక్కి జరిగింది తప్పేనని ఒక కోర్టు రాసింది. ఆ తండ్రి తన బిడ్డని పోగొట్టుకుని, మన పిల్లల కోసం ఆ వాక్యం తెచ్చాడు. దాన్ని అమలు చేయించుకోవడం మన పని. ఫీజు కట్టేటప్పుడు కౌన్సిలర్ ఎవరు, ఏ గదిలో ఉంటారు అని ప్రతి తల్లీ తండ్రీ అడిగితే తప్ప అది కాగితం మీదే ఉండిపోతుంది.

ఆ మార్గదర్శకాల్లోనే తల్లిదండ్రులకి కూడా అవగాహన కార్యక్రమాలు పెట్టాలని ఉంది. నాకు అన్నిటికంటే అవసరమనిపించింది అదే. పిల్లల కోసం ఎవరున్నారని అడుగుతున్నాం సరే, మన కోసం ఎవరున్నారు?

హాస్టల్ అవుటింగ్ ఆదివారాల్లో గేటు బయట వేపచెట్టు కింద క్యారియర్లు పట్టుకుని యాభై అరవై మంది తల్లిదండ్రులం కూర్చునేవాళ్ళం. అందరం ఒకటే మాట. మావాడు బాగానే ఉన్నాడండీ, మా అమ్మాయి బాగానే ఉందండీ. ఒక రోజు చీరాల వైపు నుంచి వచ్చిన ఒకావిడ నా వైపు తిరిగి, "మా అమ్మాయి రాత్రుళ్ళు ఏడుస్తోందంట అన్నయ్యగారూ, ఏం చెయ్యాలో తెలియట్లేదు" అంది. చుట్టూ ఉన్నవాళ్ళం అందరం ఒక్కసారే, "అలవాటైపోతుందమ్మా, మొదట్లో అంతే" అన్నాం. నేనూ అన్నాను. ఆవిడ తల వంచుకుని క్యారియర్ మూత సరిచేసుకుంది. మళ్ళీ ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు. అక్కడ ధైర్యంగా నిజం చెప్పింది ఆవిడ ఒక్కతే, మేమందరం కలిసి ఆవిడ నోరు మూయించాం. ఆ అమ్మాయి ఎలా ఉందో తెలుసుకునే దారి కూడా నాకిప్పుడు లేదు.

పూర్వం ఇంట్లో నాలుగు తరాలవాళ్ళు ఉంటే, తండ్రి కోప్పడితే పెద్దమ్మ అడ్డుపడేది, తల్లి అలిసిపోతే అత్త చూసుకునేది. ఇప్పుడు ఇద్దరం. అలిసిపోయి ఉంటాం, భయంతో ఉంటాం. ఆ భయాన్ని మార్కుల ప్రశ్నలుగా మార్చి పిల్లల మీద వేస్తాం. అందుకని మా వీధిలో ఐదు కుటుంబాల వాళ్ళం, పిల్లల గురించి దాచుకోకుండా మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. సాయంత్రం ఆడవాళ్ళు వాకింగ్‌కి వెళ్ళినప్పుడు, మేం షాపు కట్టాక అరుగు మీద. పక్కింటివాళ్ళబ్బాయి వాళ్ళ నాన్నతో చెప్పలేనిది ఒకసారి నా దగ్గరికొచ్చి చెప్పాడు. మందు కొనడానికి వచ్చినట్టు వచ్చి, స్టూల్ మీద గంట కూర్చున్నాడు. కౌంటర్ పక్కన నేను టెలి-మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. అది ప్రభుత్వానిది, ఖర్చు లేదు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లలకే కాదు, ఏం చెయ్యాలో తోచని తల్లిదండ్రులకి కూడా. పిల్లాడు తిండి మానేసినా, స్నేహితులకి దూరమైనా, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా, నేను లేకపోతే బాగుంటుంది లాంటి మాట అన్నా, అలవాటైపోతుందిలే అనుకోకండి. ఆ పూటే పక్కన కూర్చుని అడగండి, ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

మావాడు ఇంటర్ మంచి మార్కులతోనే పాసయ్యాడు, ఐఐటీ రాలేదు. ఇప్పుడు బీటెక్ రెండో ఏడాది, వేరే ఊళ్ళో, మళ్ళీ హాస్టల్లోనే. ఈసారి చేతిలో ఫోన్ ఉంది, తొమ్మిదిన్నరకి చేస్తాడు. ఎక్కువ మాటలేం ఉండవు. మెస్‌లో దొండకాయ వేపుడు, పక్క గదివాడికి జ్వరం, అంతే.

పోయిన నెలలో ఒకరోజు సాయంత్రం ఏడున్నరకి చేశాడు. కౌంటర్ ముందు జనం ఉన్నారు. షాపు కుర్రాడికి చీటీలు చూడమని చెప్పి, వెనక మందుల స్టాకు పెట్టుకునే గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాను.

"నాన్నా, జనం ఉన్నారా?"

"ఉంటే ఉండనీరా, చెప్పు."

"ఎం-టూ పోయింది నాన్నా. రిజల్ట్స్ ఇప్పుడే వచ్చాయి."

ఎం-టూ అంటే లెక్కల పేపరు. లెక్కలంటే ఇష్టపడే పిల్లాడు. నాకు కాసేపు నోట మాట రాలేదు, వాడికి అది వినిపించే ఉంటుంది. తిన్నావా అని అడిగాను. ఇంకా లేదన్నాడు. ముందు వెళ్ళి తిను, ఫోన్ పెట్టకు, తింటూ మాట్లాడు అన్నాను. మెస్ చప్పుడు వినిపించింది, కంచాల చప్పుడు, ఎవరో సాంబార్ అడుగుతున్నారు. పేపర్లో ఏ యూనిట్ దగ్గర దెబ్బతిన్నాడో వాడే చెప్పుకొచ్చాడు. నలభై నిమిషాలు మాట్లాడాం. చివర్లో సప్లీ ఫీజు ఎప్పటిలోగా కట్టాలో కనుక్కోమన్నాను.

మర్నాడు పొద్దున్నే మెసేజ్ పెట్టాడు. పదిహేనో తేదీ అట.